‘కింగ్‌డమ్’ తర్వాతి భాగం: ఇకారస్ తిరిగి రావాలా, వద్దా?

వంశధార · గుణుపురం

సినిమా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది. ముగింపుతో సహా అంతా విప్పి మాట్లాడబోతున్నాను.

భూమిని మాట్లాడే వానరులు ఏలే కథల హాలీవుడ్ సిరీస్‌లో ‘కింగ్‌డమ్ ఆఫ్ ద ప్లానెట్ ఆఫ్ ద ఏప్స్’ 2024 మే 10న విడుదలైంది. సరిగ్గా మూడు రోజులకు, మే 13న, మన బరంపురం, కొరాపుట్ లోక్‌సభ స్థానాలకూ సరిహద్దు అవతల ఆంధ్రకూ ఒకేసారి పోలింగు. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లం ఈవీఎం పెట్టెల వెంట తిరిగాం తప్ప థియేటరు ముఖం చూడలేదు. తర్వాత ఎవరికి వీలైనప్పుడు వాళ్లు, విశాఖ వెళ్లినప్పుడో ఇంట్లో ఫోనులోనో చూశారు. మన దగ్గర ఈ చర్చ ఇంత ఆలస్యంగా మొదలవడానికి అదే కారణం.

నా ప్రశ్న ఒక్కటే. తర్వాతి భాగంలో ఇకారస్ నౌక తిరిగి రావాలా, వద్దా?

గుర్తులేనివాళ్ల కోసం చెబుతున్నాను. కొత్త సిరీస్ మొదటి సినిమా, 2011లో వచ్చిన ‘రైజ్’లో టీవీ వార్తల్లో ఇకారస్ అనే అంతరిక్ష నౌక అంగారకుడి వైపు బయలుదేరుతుంది. ఆ తర్వాత ఒక దినపత్రికలో అది అంతరిక్షంలో తప్పిపోయిందా అన్న శీర్షిక కనిపిస్తుంది. అంతే, కథలో దానికి ఇంకే పనీ లేదు. కానీ 1968 నాటి మొదటి సినిమాలో మనుషులు వానరుల లోకంలో దిగింది అలాంటి నౌకలోనే. అందుకని ఆ రెప్పపాటు దృశ్యాన్ని పట్టుకుని అభిమానులు ఇప్పటికీ లెక్కలు వేస్తున్నారు.

నేను వద్దంటాను. ‘కింగ్‌డమ్’ చివర మనుషుల పిల్ల మేయ్ వీడ్కోలు చెప్పడానికి వానర యువకుడు నోవా దగ్గరికి వస్తుంది. ఆమె చేయి వీపు వెనక ఉంటుంది, ఆ చేతిలో తుపాకీ ఉంటుంది. పాత వానర నాయకుడు సీజర్ గుర్తున్న పతకాన్ని నోవా ఆమెకు ఇస్తాడు. ఆమె కాల్చదు. అలాగని తుపాకీ పారేయదు కూడా. ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకున్నారు, అయినా ఒకరినొకరు నమ్మలేకపోతున్నారు. ఇంత చక్కని ముడి చేతిలో ఉండగా ఆకాశం నుంచి ఎవరినో దింపి కథ నడిపించడం దేనికి?

పట్టునగరం · బరంపురం

అక్కా, ఇకారస్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒరాంగుటాన్ రాకా బతికి ఉన్నాడో లేదో తేల్చండి. వంతెన దగ్గర మేయ్‌ని కాపాడి ఏట్లో కొట్టుకుపోయాడు. శవం చూపించలేదు. శవం చూపించని పాత్ర చచ్చినట్టు కాదు. మన టీవీ సీరియళ్ల నుంచి హాలీవుడ్ దాకా చట్టం ఒకటే.

నాగావళి · రాయగడ

తమ్ముడూ, ఒరాంగుటాన్‌కు పుట్టుకతో ఈత రాదు. జంతు ప్రదర్శనశాలల్లో పెద్ద వానరాల ఆవరణ చుట్టూ నీటి కందకం తవ్వేది అందుకే. అంత ఉధృతంగా పారే ఏట్లో పడి తేలడమంటే నమ్మడం కష్టం.

నాకు మాత్రం బతికి ఉండాలనే ఉంది. రాకా మాట్లాడుతున్నంతసేపూ నందన్‌కానన్‌లో ఉండిన బిన్నీ కళ్లముందు మెదిలింది. మీలో ఎవరైనా చూశారా? 2003లో పుణె నుంచి భువనేశ్వర్ తెచ్చారు. దేశంలో మిగిలిన ఒకే ఒక్క ఒరాంగుటాన్ అది. 2019లో, 41 ఏళ్ల వయసులో పోయింది. స్కూలు పిల్లలతో వెళ్లినప్పుడు చూశాను. మేము దాన్ని చూడటానికి వెళ్లామా, అది మమ్మల్ని చూడటానికి కూర్చుందా అన్నట్టు ఉండేది దాని వాలకం. రాకా పాత్ర రాసినవాళ్లు ఒరాంగుటాన్‌ను దగ్గరగా గమనించారని అనుకుంటున్నాను.

మహేంద్రగిరి · పర్లాకిమిడి

వంశధార గారూ, మీతో ఏకీభవించను. ఇకారస్ రావాలి. రాకపోతే ఈ సిరీస్ మొత్తానికి ఆ పేరు పెట్టుకునే అర్హతే లేదు.

1968 సినిమా బలం ఎక్కడుంది? చార్ల్‌టన్ హెస్టన్ పోషించిన టేలర్‌కు ఎంత తెలుసో మనకూ అంతే తెలుసు. అతను వేరే గ్రహం అనుకుంటే మనమూ అలాగే అనుకున్నాం. సముద్రతీరంలో సగం పూడిపోయిన స్వేచ్ఛా ప్రతిమ ముందు అతను కూలబడితే మనమూ కూలబడ్డాం. కొత్త సినిమాల్లో ఆ అవకాశం లేదు. వానరులు ఎలా వచ్చారో 2011లోనే చెప్పేశారు. ఇది భూమేనని మనకు తెలుసు.

అందుకే ఇకారస్ వస్తే తమాషా తలకిందులవుతుంది. ఇప్పుడు మన పక్షం నోవా. మనకు అతని తెగ ఈగల్ క్లాన్ తెలుసు, గద్దలను మచ్చిక చేసే ఆచారం తెలుసు. దిగివచ్చే వ్యోమగామే మనకు పరాయివాడు. అతనికి సీజర్ ఎవరో తెలియదు.

ఇంకో సంగతి ఎవరూ గమనిస్తున్నట్టు లేదు. ఇకారస్ బయలుదేరింది మహమ్మారి అంటుకోకముందు. అంటే ఆ నౌకలో ఉన్నవాళ్లకు ఆ మహమ్మారి తెచ్చిన వైరస్ ఏఎల్‌జెడ్-113 అంటే ఏమిటో తెలియదు, దాన్ని తట్టుకునే శక్తి ఒంట్లో లేదు. 2017 నాటి ‘వార్’లో ఆ వైరస్ రూపు మార్చుకుని, బతికిపోయిన మనుషుల మాట లాగేసుకోవడం చూశాం. ఇప్పుడు ఊహించండి. నౌక దిగిన మనిషి గడగడా మాట్లాడతాడు. నోవా వాళ్లు ఆశ్చర్యపోతారు. వారం తిరిగేసరికి అతనికి ఒక్కొక్క మాటే దొరకడం మానేస్తుంది. పాత సినిమాలో టేలర్‌కు గొంతులో గుండు తగిలి మాట పోతుంది, గాయం మానాక తిరిగి వస్తుంది, అప్పుడు వానరులు నిర్ఘాంతపోతారు. ఇక్కడ సరిగ్గా దానికి ఎదురు: మాటతో వచ్చినవాడు మూగవాడవుతాడు. దీనికి మించిన రెండో భాగం ఎవరు రాయగలరో రాయమనండి.

పట్టునగరం · బరంపురం

ఒళ్లు గగుర్పొడిచింది బాబాయ్. దీన్ని స్టూడియోవాళ్లకు ఎవరైనా పంపండి.

వంశధార · గుణుపురం

ఆలోచన గొప్పగా ఉంది, కాదనను. కానీ అది ఒక వ్యోమగామి విషాదం అవుతుంది, నోవా పక్కన నిలబడి చూస్తాడు. నాయకుడు సాక్షిగా మిగిలిపోయే కథ నాకు వద్దు.

పైగా అంగారకుడికి వెళ్లిన నౌక ఇంత కాలం తర్వాత ఎలా వస్తుంది? సీజర్ పోయి ఎన్నో తరాలు గడిచాయని సినిమాయే చెబుతోంది, దాదాపు 300 ఏళ్ల కాలం అనుకోవాలి. మాస్టారూ, మీరు ఒకసారి రావాలి.

జయపురం మాస్టారు · జయపురం

పిలిచారు కాబట్టి లెక్క వేస్తాను. తరగతిలో ఈ లెక్క చెబితే పిల్లలు ఆవలిస్తారు, సినిమా పేరు చెబితే కళ్లు పెద్దవి చేస్తారు.

ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం వేగంగా కదిలే నౌకలో కాలం నెమ్మదిగా నడుస్తుంది. నౌకలో ఏడాదిన్నర గడిచేసరికి భూమ్మీద 300 ఏళ్లు గడవాలంటే నిష్పత్తి 200. దానికి నౌక కాంతి వేగంలో 99.99875 శాతం వేగంతో పోవాలి. కాంతి సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇప్పటిదాకా మనిషి చేసిన వస్తువుల్లో అత్యంత వేగంగా కదిలింది పార్కర్ సోలార్ ప్రోబ్. 2024 డిసెంబరులో సూర్యుడికి దగ్గరగా వెళ్లినప్పుడు సెకనుకు 192 కిలోమీటర్ల దాకా అందుకుంది. అది కాంతి వేగంలో ఒక శాతంలో పదో వంతు కూడా కాదు. పైగా దాన్ని లాగింది సూర్యుడి ఆకర్షణ, ఇంజను కాదు.

అంగారకుడు దగ్గరికి వచ్చినప్పుడు భూమికి ఐదున్నర కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. ఇప్పటి రాకెట్లతో ఆరేడు నెలల ప్రయాణం. ఆ వేగంలో కాలం సాగడం మామూలు గడియారానికి అందనంత స్వల్పం. కాబట్టి అంగారక యాత్ర నౌక సాపేక్షత వల్ల 300 ఏళ్లు దాటి రావడం కుదరదు.

కుదిరేది ఒక్కటే, నిద్ర. 1968 సినిమాలోనూ వాళ్లు నిద్రపేటికల్లో పడుకునే వస్తారు. నౌక దారి తప్పి సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఉండిపోయింది, లోపలివాళ్లు గడ్డకట్టిన నిద్రలో ఉన్నారు, ఏదో ఒక చుట్టులో భూమి ఎదురైంది. నేటి వైద్యానికి అది సాధ్యం కాకపోయినా, భౌతిక శాస్త్రానికి అడ్డు రాదు. సూర్యుడి చుట్టూ తిరగడానికి ఇంధనం అక్కర్లేదు.

పట్టునగరం · బరంపురం

మాస్టారూ, అంతరిక్షంలో అడ్డదారి సొరంగం లాంటిది, వార్మ్‌హోల్ అని ఒకటి ఉంది కదా?

జయపురం మాస్టారు · జయపురం

సమీకరణాల్లో ఉంది నాయనా, ఆకాశంలో ఎవరికీ కనిపించలేదు. కథకుడికి లెక్క తప్పినప్పుడు వార్మ్‌హోల్ గుర్తొస్తుంది.

నాగావళి · రాయగడ

మనం దండకారణ్యంలో పుట్టి పెరిగినవాళ్లం. వానరులూ మనుషులూ కలిసిన కథ అనగానే కిష్కింధ గుర్తుకు రాలేదంటే నమ్మను. నేను మాత్రం సినిమా అంతా అదే చూశాను.

ఇకారస్ కన్నా నాకు ముఖ్యమైనది ఒప్పందం. రాముడికి సీత జాడ కావాలి, సుగ్రీవుడికి రాజ్యం కావాలి. ఇద్దరూ ఇల్లూవాకిలీ పోగొట్టుకున్నవాళ్లే. అగ్ని సాక్షిగా స్నేహం చేసుకున్నారు. కానీ వానాకాలం అయిపోయినా సుగ్రీవుడికి మాట గుర్తు రాలేదు. లక్ష్మణుడు విల్లు ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చేదాకా కదలలేదు. ఇక వాలి నేలకూలి, చాటు నుంచి ఎందుకు కొట్టావని అడిగిన ప్రశ్నల మీద మన పెద్దలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

మేయ్, నోవాల మధ్య కూడా అవసరం పుట్టించిన స్నేహమే. ఆమెకు పాతకాలపు మనుషుల ఖజానాలోని వస్తువు కావాలి, అతనికి తనవాళ్లు కావాలి. వానర రాజు ప్రాక్సిమస్ పడిపోయాడు, ఎవరికి కావలసింది వాళ్లకు దొరికింది. ఇప్పుడు ఎవరి గుమ్మంలోకి ఎవరు విల్లు పట్టుకుని వస్తారు? రెండో భాగం అక్కడ మొదలవ్వాలి. నా ఊహ ఏమిటంటే, మాట మరిచిపోయేది నోవా కాదు, మనుషులు.

మహేంద్రగిరి · పర్లాకిమిడి

పోలిక బాగానే ఉంది కానీ అగ్ని సాక్షి ఎక్కడ? నోవా, మేయ్ ఏ మాటా ఇచ్చుకోలేదు. ఖజానాలో నీళ్లు నింపే ముందు లోపలున్న వానరుల ప్రాణాల గురించి ఆమె ఒక్క క్షణం కూడా ఆగలేదు. తోటి మనిషి ట్రెవతాన్‌ను గొంతు నులిమి చంపింది. మాటే ఇవ్వని మనిషి మాట తప్పడం ఏమిటి?

నిర్వాహకులు

వాలి వధ న్యాయమా అన్యాయమా అని నాకు విడిగా మూడు సందేశాలు వచ్చాయి. దయచేసి దానికి వేరే శీర్షిక తెరవండి. ఇక్కడ సినిమా.

మాచ్‌ఖండ్ · ఒనకఢిల్లీ

అందరూ ప్రేమలూ నమ్మకాలూ మాట్లాడుతున్నారు. నేను కరెంటు మాట్లాడతాను.

మేయ్ చివర తీసుకువెళ్లిన ఆ చిన్న వస్తువును, మూతబడి బతుకుతున్న మనుషుల స్థావరంలో పెట్టగానే పెద్ద యాంటెన్నాలు కదులుతాయి, దూరాన ఉన్న వేరే మనుషుల గొంతు వినిపిస్తుంది. బాగుంది. అన్ని తరాలుగా ఆ స్థావరానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?

మా దగ్గర మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో మొదలైంది. ఒడిశా, ఆంధ్ర ఉమ్మడి సొత్తు. ఆరు యూనిట్లు, మొత్తం 120 మెగావాట్లు. జలవిద్యుత్ కేంద్రం కాబట్టి బొగ్గు అక్కర్లేదు, పై నుంచి నీళ్లు వస్తే చాలని బయటివాళ్లు అనుకుంటారు. బేరింగులకు నూనె కావాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కు వేరే నూనె కావాలి. జనరేటర్ చుట్టల మీద ఉండే ఇన్సులేషన్ ముప్పై, నలభై ఏళ్లకు పాడవుతుంది. ఇసుక కలిసిన నీళ్లు టర్బైన్ రెక్కలను తినేస్తాయి. నిలబడి ఉన్న ప్రతి పాత విద్యుత్ కేంద్రం వెనకా విడిభాగాలు చేసి పంపే కర్మాగారాలు ఉన్నాయి. ఆ కర్మాగారాలు లేని లోకంలో నేనైతే యాభై ఏళ్లకు మించి హామీ ఇవ్వను.

2014 నాటి ‘డాన్’ గుర్తుందా? శాన్‌ఫ్రాన్సిస్కోలో మిగిలిన మనుషులు వానరుల అడవిలోకి వెళ్లింది దేనికి? ఆనకట్ట దగ్గర కరెంటు పుట్టించడానికి. గొడవంతా అక్కడే మొదలైంది. ఈ సిరీస్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి అది. యుద్ధానికి కారణం పగ అని చూపించి వదిలేయకుండా ఒక టర్బైన్ చూపించారు.

కాబట్టి నా జోస్యం ఇది. లోపలి మనుషులకు ఏదో వస్తువు అయిపోతుంది. రాగి కావచ్చు, ఇంధనం కావచ్చు, మందు కావచ్చు. బయటికి రాక తప్పదు. అది ఈగల్ క్లాన్ ఉండే చోటే దొరుకుతుంది. ఇకారస్ వచ్చినా రాకపోయినా కథకు అదే కడుపు.

గోపాలపురం అలలు · గోపాలపురం

నేను సరదా కోసం సొంత రేడియోతో దూరాలతో మాట్లాడే హామ్ రేడియో మనిషిని, కాబట్టి కరెంటు వదిలి ఉపగ్రహాల దగ్గరికి వస్తాను. నాకు నవ్వొచ్చిన చోటు అది. నవ్వుతూనే కొంత నమ్మాను కూడా.

తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు గాలి రాపిడికి కొన్నేళ్లలోనో, కొన్ని దశాబ్దాల్లోనో కిందికి వచ్చి కాలిపోతాయి. కానీ 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే భూస్థిర ఉపగ్రహాలు పడవు. వాటిని తమ చోట నిలిపి ఉంచే ఇంధనం సాధారణంగా ఓ పదిహేనేళ్లకు అయిపోతుంది, ఆపైన అటూఇటూ ఊగుతూ అక్కడే ఉండిపోతాయి. 1958లో పంపిన వాన్‌గార్డ్-1 ఇప్పటికీ పైన తిరుగుతూనే ఉంది, దాని గొంతు మాత్రం 1964లోనే ఆగిపోయింది.

ఇప్పుడు అసలు కథ వినండి. 1974లో హామ్ రేడియోవాళ్లు ఆస్కార్-7 అనే చిన్న ఉపగ్రహాన్ని పైకి పంపారు. 1981లో బ్యాటరీ షార్టయి చచ్చిపోయింది. అందరూ మరిచిపోయారు. 2002లో ఉన్నట్టుండి దాని సంకేతం వినిపించింది. లోపల షార్టయిన బ్యాటరీ కాలక్రమంలో పూర్తిగా తెగిపోయింది, దాంతో సౌర ఫలకాల కరెంటు నేరుగా పరికరాలకు అందింది. ఎండ తగిలినప్పుడు మేలుకుంటుంది, నీడలోకి వెళ్లగానే నిద్రపోతుంది. అలాగే 1965 నాటి ఎల్‌ఈఎస్-1 కూడా 1967లో మూగబోయి, నాలుగు దశాబ్దాలు దాటాక మళ్లీ పలికింది.

కాబట్టి చచ్చిన ఉపగ్రహం లేవడం అసాధ్యం కాదు. కానీ 300 ఏళ్లా? సౌర ఫలకాలు రేడియేషన్ దెబ్బకు ఏటికేడు బలహీనపడతాయి. నిజాయతీగా చెప్పాలంటే ఉపగ్రహం అక్కర్లేకుండానే ఆ సన్నివేశం తీయవచ్చు. షార్ట్‌వేవ్ రేడియో అలలు ఆకాశంలోని అయానోస్ఫియర్ అనే విద్యుదావేశ పొరకు తగిలి వెనక్కి తిరిగి వేల కిలోమీటర్లు పోతాయి. మధ్యలో ఏ యంత్రమూ అవసరం లేదు. గోపాలపురం ఒడ్డున కూర్చుని, మేడ మీద కట్టిన తీగతో యూరప్‌వాళ్లతో మాట్లాడుతుంటాం. దర్శకుడు నన్ను అడిగితే యాంటెన్నా డిష్షులు వద్దు, రెండు వెదురు గడలూ ఒక తీగా చాలు అనేవాడిని. చూడటానికి అంత ఘనంగా ఉండదు, అదీ బాధ.

మాచ్‌ఖండ్ · ఒనకఢిల్లీ

ఆ తీగకు కరెంటు?

గోపాలపురం అలలు · గోపాలపురం

అయ్యా, పదిహేను వాట్లు. సైకిల్ తొక్కి పుట్టిస్తాను.

జయపురం మాస్టారు · జయపురం

మాటల్లో మాట. నోవా పాడుబడిన వేధశాలలో దుర్భిణిలోంచి చూసి అదిరిపడతాడు, చివర తన నేస్తం సూనాను కూడా తీసుకువెళ్లి చూపిస్తాడు. ఏం చూశారో మనకు చూపించరు. ఇకారస్ అభిమానులంతా దీన్నే సాక్ష్యంగా ఎత్తుకొస్తారు.

వేధశాల అద్దం మీద పలుచని అల్యూమినియం పూత ఉంటుంది. బాగా చూసుకునే వేధశాలల్లోనే దాన్ని కొన్నేళ్లకొకసారి తీసి మళ్లీ వేస్తారు. పైకప్పు తెరుచుకుని వానకు తడిసిన అద్దం ఇన్ని తరాలు నిలవదు. నిలిచిందనే అనుకుందాం. కదిలే నౌకను వెతికి పట్టుకోవాలంటే దుర్భిణి భూమి తిరుగుదలకు తగ్గట్టు తిరగాలి, దానికి మోటారు కావాలి. కదలకుండా బిగుసుకుపోయిన దుర్భిణిలో ఒక నౌక రెండు వేర్వేరు రోజుల్లో కనిపించదు. నా అంచనాలో వాళ్లు చూసింది ఆకాశం ఎంత లోతుందో, అంతే. మొదటిసారి శని వలయాలు చూసిన ఏ పిల్లవాడైనా ఆ ముఖమే పెడతాడు. ఏటా చూస్తూనే ఉన్నాను.

మహేంద్రగిరి · పర్లాకిమిడి

మాస్టారు ఇకారస్‌కు అన్ని తలుపులూ మూసేస్తున్నారు. నిద్రపేటికల కిటికీ ఒక్కటి వదిలారు, చాలు.

వంశధార · గుణుపురం

మాచ్‌ఖండ్ గారి మాట పట్టుకుని నా కథ చెబుతాను.

లోపలి మనుషులు క్వారంటైన్‌లో ఉన్నారు. బయటి గాలి అంటే భయం. మేయ్‌కు ఆ భయం లేదు, ఆమె బయట తిరిగి వచ్చినా మాట పోలేదు. అంటే మనుషుల్లోనూ రెండు రకాలు. తలుపు వెనక క్షేమంగా ఉన్నవాళ్లు ఒకరు, వాళ్ల పనుల కోసం ప్రాణం పణంగా పెట్టి బయట తిరిగేవాళ్లు ఒకరు. ఆమె అంత దూరం వెళ్లి, తోడు వచ్చినవాళ్లను పోగొట్టుకుని, ఒకరిని చంపి ఆ వస్తువు తెచ్చింది. ఇచ్చాక ఆమెను లోపల కూర్చోబెట్టి అన్నం పెట్టారా? నాకు అనుమానమే. వైరస్ మోసుకొస్తుందేమోనని దూరంగానే ఉంచి ఉంటారు.

రెండో భాగం ఆ తలుపు బయట మొదలవ్వాలి. ఇచ్చిన పని చేసిపెట్టిన మేయ్‌కు తనవాళ్లలో చోటు లేదు. నోవావాళ్లలోకి వెళ్లే ముఖం లేదు. ఇంతలో ఉపగ్రహాల దారిన కలిసిన ఆ దూరపు మనుషులు వస్తారు. వాళ్ల దగ్గర ఏముందో మనకు తెలియదు.

ఇక్కడ 1970 నాటి ‘బినీత్’ గుర్తు చేసుకోండి. అందులో భూమి లోపల దాగిన మనుషులు ఒక అణుబాంబును దేవుడిలా కొలుస్తారు, చివరికి అది పేలి భూమే నాశనమవుతుంది. పాత సిరీస్‌లో దాక్కున్న మనుషులు వానరుల కన్నా ప్రమాదకరమైనవాళ్లు. కొత్త సిరీస్ పాత సినిమాల నుంచి ఏదైనా అప్పు తెచ్చుకోవాలంటే నౌకను కాదు, ఆ భయాన్ని తెచ్చుకోవాలి. ప్రాక్సిమస్ సీజర్ మాటలను వంకర తిప్పి రాజ్యం కట్టాడు. మనుషులు దేన్ని వంకర తిప్పి కొలుస్తున్నారో చూడాలని ఉంది.

నాగావళి · రాయగడ

మేయ్ తలుపు బయటే ఉండిపోవడం అన్నది చాలా బాగుంది వంశధారా. అప్పుడు విల్లు పట్టుకుని నోవా గుమ్మంలోకి వచ్చేది ఆమే అవుతుంది, కానీ బెదిరించడానికి కాదు, హెచ్చరించడానికి. నేను పార్టీ మారలేదు, కిష్కింధలోనే ఉన్నాను.

లెక్కల పుస్తకం · నవరంగపురం

మీరంతా కథ రాసేశారు. డబ్బు పెట్టేవాడు ఎవరు?

ప్రపంచవ్యాప్త వసూళ్లు: ‘రైజ్’ దాదాపు 48 కోట్ల డాలర్లు, ‘డాన్’ 71 కోట్లు, ‘వార్’ 49 కోట్లు, ‘కింగ్‌డమ్’ దాదాపు 40 కోట్లు. చివరిదానికి పెట్టుబడి 16 కోట్ల డాలర్ల దాకా. వసూళ్లలో థియేటర్ల వాటా పోగా మిగిలేది చూస్తే నష్టం కాదు, పండగా కాదు. 2001లో టిమ్ బర్టన్ తీసిన ‘ప్లానెట్ ఆఫ్ ద ఏప్స్’ కూడా 36 కోట్ల డాలర్లు తెచ్చింది. వానర ముఖంతో లింకన్ విగ్రహం చూపించి, తర్వాతి భాగంలో చెబుతామన్నట్టు వదిలేశారు. ఆ తర్వాతి భాగం రానే లేదు. సిరీస్ పదేళ్లు మూలపడి 2011లో మళ్లీ మొదటి నుంచి వచ్చింది. వసూళ్లు బాగున్నంత మాత్రాన కొనసాగింపు ఖాయం కాదనడానికి ఈ సిరీస్‌లోనే దాఖలా ఉంది.

దర్శకుడు వెస్ బాల్ ఆ తర్వాత జెల్డా వీడియో గేమ్ ఆధారంగా తీసే సినిమా మీద కూర్చున్నాడు. 2019లో ఫాక్స్‌ను కొన్నప్పటి నుంచి ఈ సిరీస్ డిస్నీ చేతిలో ఉంది, వాళ్లకు తొందర పెట్టే సినిమాలు వేరే చాలా ఉన్నాయి. వంశధార గారి కథలో నౌక లేదు, అంతరిక్షం లేదు, తక్కువ ఖర్చులో పోతుంది. ఆ ఒక్క కారణానికి నా ఓటు ఆవిడకే.

పట్టునగరం · బరంపురం

తక్కువ ఖర్చు ఎలా అవుతుంది అన్నయ్యా? వానరుల ముఖాలకే సగం డబ్బు పోతుంది. గ్రాఫిక్స్ చేసే వేటా సంస్థ వాళ్లు ఒక్కొక్క వెంట్రుకా కంప్యూటర్‌లో మొలిపిస్తారు. ఆండీ సెర్కిస్ సీజర్‌గా చేసింది చూశాక పాత సినిమాలోని రబ్బరు ముఖాలు చూడలేం.

మహేంద్రగిరి · పర్లాకిమిడి

రబ్బరు ముఖాలా? వాటిని తయారుచేసిన జాన్ ఛాంబర్స్‌కు ఆస్కార్ వాళ్లు గౌరవ పురస్కారం ఇచ్చారు. అప్పటికి మేకప్‌కు ప్రతి ఏటా ఇచ్చే విభాగమే లేదు. మీ కంప్యూటర్ వెంట్రుకల సినిమాలు నాలుగుకు నాలుగూ విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో నామినేట్ అయ్యాయి. ఎన్ని గెలిచాయో చెప్పండి బాబూ.

పట్టునగరం · బరంపురం

ఒక్కటీ లేదు. అది ఆస్కార్ వాళ్ల సిగ్గు, సీజర్ తప్పు కాదు.

నిర్వాహకులు

ఇద్దరూ ఒక్క పూట విశ్రాంతి తీసుకోండి.

కొత్తగా చేరాను · మల్కన్‌గిరి

అందరికీ నమస్కారం. ఈ సిరీస్‌లో నేను ఒక్కటీ చూడలేదు, అయినా పైనున్నవన్నీ చదివేశాను. ముగింపులన్నీ తెలిసిపోయాయి, పర్వాలేదు. ఏది ముందు చూడాలి?

మహేంద్రగిరి · పర్లాకిమిడి

1968. వేరే మాట లేదు.

పట్టునగరం · బరంపురం

2011 నుంచి వరసగా నాలుగూ చూడండి అన్నయ్యా. 1968ది తర్వాత చూసినా అర్థమవుతుంది.

నాగావళి · రాయగడ

ముందు ‘డాన్’ చూడండి, నచ్చితే వెనక్కి వెళ్లండి. నచ్చకపోతే ఈ సిరీస్ మీకు కాదు.

మాచ్‌ఖండ్ · ఒనకఢిల్లీ

‘డాన్’కే నా ఓటు. ఆనకట్ట సన్నివేశం వచ్చినప్పుడు నన్ను తలుచుకోండి.

వంశధార · గుణుపురం

2001ది వదిలేయవచ్చు. మిగతావి ఏ వరసలో చూసినా సరే, ‘కింగ్‌డమ్’ చూశాక మాత్రం మేయ్ తుపాకీ ఎందుకు తెచ్చిందో మీకు తోచింది ఇక్కడ రాయండి. ఇకారస్ పక్షమో నా పక్షమో కూడా చెప్పాలి, ఇప్పటికి లెక్క సమంగా ఉంది.

మహేంద్రగిరి · పర్లాకిమిడి

సమంగా ఎక్కడుంది? పట్టునగరం ఓటు నాకే. గగుర్పొడిచిందని రాసి ఉంది, పైన చూసుకోండి.